వావిలాకు పరీక్ష

నెల్లూరు జిల్లాకు పడమట వెలిగొండలు ఉత్తర దక్షిణములుగా పెట్టని కోటవలె నిలిచియున్నవి. ఆ కొండల చెంతనే ఉదయగిరి కలదు. శ్రీకృష్ణదేవరాయలు 1514వ సంవత్సరమున గజపతులనుండి జయించిన దుర్గము ఆ ఊరిని ఆనుకొని, సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్నది. ఉదయగిరికి ఆగ్నేయముగా, పెన్నానదికి సమీపమున ఆత్మకూరు కలదు. ఈ ప్రాంతమంతయు చాలవరకు మెట్టనేల, వానలు తక్కువ. అయినను వాగుల యొడ్డులందును, చెరువుకట్టల దిగువను, పొలముల గట్లమీదను ఒక పొద పచ్చగా పెరుగుచుండును. అదియే వావిలి.

వావిలి ఆకు చేతివ్రేళ్ళవలె మూడుగానో ఐదుగానో చీలియుండును. దాని పైభాగము ఆకుపచ్చగాను, అడుగుభాగము బూడిదపూసినట్లు తెల్లగాను కనబడును. పూవులు నీలిరంగున చిన్నవిగా నుండును. ఆకు నలిపినచో ఘాటైన వాసన వచ్చును. సంస్కృతమున దీనిని నిర్గుండి యనియు, సింధువార మనియు అందురు. వృక్షశాస్త్రజ్ఞులు దీనికి వైటెక్స్ నెగుండో అని పేరిడిరి. భావప్రకాశము మొదలగు వైద్యగ్రంథములు ఇది నొప్పిని, వాపును పోగొట్టునని చెప్పుచున్నవి. తెలుగువారి యిండ్లలో బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయుట పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. కీళ్ళు వాచినపుడు ఆకును వేడిచేసి కాపడము పెట్టుదురు. బెణికినచోట నూరి కట్టుదురు.

ఇంతకాలముగా ఇందరు వాడుచున్న మందునకు మరల పరీక్ష యేల యని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న ఉచితమైనదే. బెణికిన కాలికి వావిలాకు కట్టగా నాలుగు దినములలో వాపు తగ్గినదనుకొందము. తగ్గించినది ఆకా? ఆకుతోకూడ తగిలిన వేడియా? కట్టు కట్టుటచే కాలికి కలిగిన విశ్రాంతియా? లేక ఏ మందును లేకున్నను ఆ వాపు నాలుగు దినములలో తనంతట తగ్గియుండెడిదా? ఒక్క రోగిని చూచి ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుట సాధ్యము కాదు. ఈ కారణములను ఒకదానినుండి మరియొకదానిని వేరుచేయుటయే పరీక్ష యొక్క ప్రయోజనము.

ముందుగా వాపు అనగా నేమో తెలిసికొనవలెను. దెబ్బ తగిలినచోటను, క్రిములు ప్రవేశించినచోటను రక్తనాళములు వెడల్పగును. వానినుండి ద్రవమును, రక్తములోని తెల్లకణములును చుట్టుప్రక్కల కండలోనికి చేరును. అందుచేత ఆ చోటు ఎఱ్ఱబారును, వేడెక్కును, ఉబ్బును, నొప్పిపెట్టును. సుమారు రెండువేల సంవత్సరములకు పూర్వమే రోములో సెల్సస్ అను గ్రంథకర్త ఈ నాలుగు లక్షణములను పేర్కొనెను. మనవారు దీనినే శోథ మనిరి. ఇది శరీరము తన్ను తాను రక్షించుకొను పద్ధతి. కాని అది మితిమీరినను, ఎడతెగక సాగినను కీళ్ళు మొదలగు అవయవములు చెడును.

ఇక పరీక్షావిధానము. మొదటి పని మొక్కను సరిగా గుర్తించుట. వావిలి అను పేరు ఒక్క మొక్కకే చెందినది కాదు. నీరువావిలి, నల్లవావిలి అను పేర్లతో వేరు మొక్కలును కలవు. కావున వృక్షశాస్త్రజ్ఞుడు ఆకును, పూవును చూచి నిర్ధారణ చేయును. ఒక కొమ్మను ఎండబెట్టి, కాగితమునకు అంటించి, కోసిన చోటును తేదీని వ్రాసి భద్రపరచును. పిమ్మట తూచిన ఆకును కొలిచిన నీటిలో కాచి రసము తీయుదురు. కొలత లేనిచో ఒకరు చేసిన పరీక్షను మరియొకరు మరల చేసి చూచుటకు వీలుండదు.

వాపును కొలుచు పద్ధతి నొకదానిని 1962లో అమెరికాలో వింటర్, రిస్లీ, నస్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఎఱ్ఱని సముద్రపునాచునుండి తీసిన క్యారజీనన్ అను పదార్థమును స్వల్పముగా ఎలుక వెనుకపాదమున సూదితో ఎక్కింతురు. కొన్ని గంటలలో పాదము వాచును. ఆ పాదమును ఒక గుర్తువరకు ద్రవములో ముంచి, ఎంత ద్రవము తొలగునో కొలుతురు. ఆర్కిమిడీసు సూత్రమును నేర్చిన విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. ఎలుకయు ప్రాణియే గదా! అందుచేత మనదేశమున ఇట్టి ప్రయోగములకు నైతిక సంఘము అనుమతిని ముందుగా పొందవలెనను నియమము కలదు.

ఎలుకలను గుంపులుగా విభజింతురు. ఒక గుంపునకు వట్టి నీరు, ఒక గుంపునకు ఆకురసము, మరియొక గుంపునకు వాపును తగ్గించునని ముందే తెలిసిన మందు ఇత్తురు. తిండి, గది, కొలత అందరికిని సమానము. ఉదాహరణకు, నీరు త్రాగిన ఎలుకల పాదము సగటున 0.5 మిల్లీలీటరు, ఆకురసము త్రాగినవాని పాదము 0.3 మిల్లీలీటరు ఉబ్బెననుకొందము. తేడా 0.2. అనగా వాపు నూటికి 40 వంతులు తగ్గినదన్నమాట. నీరు త్రాగిన గుంపే లేకున్నచో ఈ లెక్క పుట్టదు.

వావిలి ఇట్టి పరీక్షలకు పలుమార్లు లోనైనది. శ్రీలంక శాస్త్రజ్ఞులు ముదురు వావిలాకు రసమును ఎలుకలకు త్రాగించి చేసిన పరీక్షాఫలితములను 2003లో ప్రకటించిరి. ఆకురసము వాపును, నొప్పిని తగ్గించినట్లు అందు తేలెను. కాని ఒక విశేషము కలదు. క్యారజీనన్ వలన కలిగిన తొలిదశ వాపు విషయమున మోతాదు పెరిగినకొలది ఫలము పెరుగక, తగ్గెను. ఎక్కువ మందు త్రాగినచో ఎక్కువ మేలు కలుగునను నమ్మకము ఎల్లప్పుడును నిజము కాదని దీనివలన తెలియుచున్నది. పెద్దలమాటలో సత్యమున్నదని చెప్పినదియు పరీక్షయే. దాని హద్దును చూపినదియు పరీక్షయే.

అయినను ఎలుక మనుష్యుడు కాదు. కొన్ని గంటలలో వచ్చిపోవు వాపు వేరు, సంవత్సరముల తరబడి బాధించు కీళ్ళవ్యాధి వేరు. ఆకులోని ఏ పదార్థము పనిచేయుచున్నదో, ఎంతవరకు అపాయము లేదో, రోగులకు నిజముగా మేలుచేయునో వరుసగా పరిశీలింపవలెను. ఈ మార్గము దీర్ఘమైనది. ఇంగ్లాండులో ఎడ్వర్డ్ స్టోన్ అను మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు జ్వరమును తగ్గించుచున్నదని 1763లో రాయల్ సొసైటీకి వ్రాసెను. అట్టి బెరడులోని గుణమును వెదకుచు పోయిన పరిశోధనల ఫలితముగా 1897లో జర్మనీలో ఆస్పిరిన్ తయారయ్యెను. అది వాపును ఎట్లు తగ్గించునో 1971లో జాన్ వేన్ కనుగొని, 1982లో నోబెల్ బహుమానమును మరి యిద్దరితో పంచుకొనెను. స్టోన్ లేఖకును వేన్ సమాధానమునకును నడుమ 208 సంవత్సరములు గడచినవి.

రోగము భయంకరమైనపుడు ఇంతటి ఓర్పు జనులకు కష్టమగును. 2021 మే నెలలో కోవిడ్ ప్రబలియుండగా, ఇదే జిల్లాలో సముద్రతీరమందలి కృష్ణపట్నమున నాటుమందుకొఱకు వేలకొలది జనులు గుమిగూడిరి. ప్రభుత్వము పంపిణీని ఆపించి, ఆ మందును నిపుణులచే పరిశీలింపజేసెను. మే 31వ తేదీన, కంటిలో వేయు చుక్కలను మినహాయించి, కొన్ని మందులకు అనుమతి నిచ్చెను. వానివలన హాని కనబడలేదని నిపుణులు తెలిపిరే గాని, కోవిడ్ నయమగునని ఋజువు కాలేదు. హాని లేకుండుట ఒకటి, మేలు చేయుట మరియొకటి. ఈ భేదమును గుర్తింపనివారు చికిత్సకు తగిన సమయమును పోగొట్టుకొందురు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములందలి వృద్ధులకు తెలిసిన మూలికలు అనేకములు కలవు. వారితో పాటు ఆ జ్ఞానము అంతరింపకుండ కాపాడుటకు విద్యార్థులే సమర్థులు. మొక్క పేరు, వాడు భాగము, సిద్ధము చేయు విధము, ఏ బాధకు ఎన్ని దినములు వాడుదురో ఇవన్నియు పుస్తకమున వ్రాసికొని, ఎండిన ఆకు నొకదానిని పుటల నడుమ నుంచవచ్చును. పరీక్షకు మొదటి మెట్టు అదియే. రోగికి ఇచ్చుట మాత్రము చివరి మెట్టు. అది వైద్యుని సలహాతోనే జరుగవలెను.