కదలికను చదవగలిగితేనే...

నడుం నొప్పితో వచ్చినావిడకు కరెంట్ పెట్టి, కాపడం పట్టి పంపిస్తే ఆ పూటకు హాయిగానే ఉంటుంది. మర్నాడు నాట్లకు వంగగానే నొప్పి మళ్లీ మొదలు. వంగే తీరు మారలేదు మరి! ఆ తీరులో తేడా కనిపెట్టి దిద్దడమే మూవ్‌మెంట్ అసెస్‌మెంట్, రీట్రైనింగ్. ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ తర్వాత ఏం నేర్చుకోవాలని అడిగేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

ఒక పరీక్ష చూడండి. వీపు పొడవునా నిలువుగా ఒక కర్ర ఆనిస్తారు. అది తలకు, భుజాల మధ్య, నడుం కింది ఎముకకు తగులుతూ ఉండగానే ముందుకు వంగమంటారు. చాలామందికి తుంటి దగ్గర వంగాల్సింది నడుం దగ్గర వంగుతుంది, కింద కర్ర విడిపోతుంది. అప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి మోకాలిని ఛాతీ వైపు వంచి చూడాలి. తుంటి సాఫీగా వంగితే కీలులో బిగుతు లేదన్నమాట, చాలావరకు అది అలవాటే. ఇక కర్రతోనే వంగడం నేర్పించి, తర్వాత కుర్చీలోంచి లేవడం, ఆపైన బిందె ఎత్తడం సాధన చేయించాలి. బిగుతే ఉంటే చికిత్స దారి వేరు.

ఈ రంగంలో పద్ధతులు, వాటిని నేర్పే కోర్సులు చాలా ఉన్నాయి. అమెరికా ఫిజియో షర్లీ సార్‌మన్ 2002లో తెచ్చిన పుస్తకం నొప్పికి మూలాన్ని కదలిక లోపాల్లో వెతకడం నేర్పింది. కామర్‌ఫర్డ్, మాట్రమ్‌ల కైనెటిక్ కంట్రోల్, న్యూజిలాండ్‌కు చెందిన మెకెంజీ పద్ధతి కూడా పేరున్నవే. గ్రే కుక్, లీ బర్టన్‌ల ఫంక్షనల్ మూవ్‌మెంట్ స్క్రీన్ (ఎఫ్ఎంఎస్)లో 7 పరీక్షలు, 21 మార్కులు. లెక్క తేలిక కాబట్టి దానికి గిరాకీ ఎక్కువ. కానీ ఆ మార్కులు చూసి ఎవరికి గాయమవుతుందో చెప్పలేమని పరిశోధనల్లో తేలింది. మార్కుల కోసమే ఆ కోర్సు చేయొద్దని నా సలహా.

ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు రెండు అడగండి: మన చేత ఎన్ని గంటలు ప్రాక్టికల్ చేయిస్తారు? నిజమైన పేషెంట్ మీద మన పనితీరును పరీక్షిస్తారా? స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ చేతికిచ్చే వారాంతపు వర్క్‌షాపులకు డబ్బు పోయకండి. ఈ కోర్సులేవీ పీజీ అయిన ఎంపీటీకి బదులు కావు. ఫిజియోగా రిజిస్ట్రేషన్ వ్యవహారం వేరు, అది 2021 నాటి అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టం పరిధిలోది.

ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవాళ్లు కోర్సు కోసం ఆగక్కర్లేదు. పేషెంట్ అనుమతి తీసుకుని, కూర్చోవడం, లేవడం, మెట్లు దిగడం ఫోన్‌లో వీడియో తీయండి. మీకు కనిపించింది రాసుకుని, అదే వీడియో సీనియర్‌కు చూపించి, ఆయన కంటికి ఏం దొరికిందో అడగండి.