తపాలా బిళ్ళ సాక్ష్యము: అపరాధ పరిశోధక నాటికలపై ఒక పరిశీలన

సాహిత్య ప్రక్రియలలో అపరాధ పరిశోధక కథకు మన విమర్శకులు ఉన్నత పీఠము వేయలేదు. అయినను పాఠకలోకము దానిని ఏనాడును విడువలేదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దె పుస్తకాల దుకాణముల నుండి తెచ్చుకొని, రాత్రికి రాత్రి చదివి ముగించిన తరము మన పెద్దలది. తరువాత ఆ ఆసక్తి టెలివిజన్ తెరకు మారినది. దూరదర్శన్‌లో 1985లో 'కరంచంద్', 1993లో 'బ్యోంకేశ్ బక్షీ' ప్రసారమైనవి. అమెరికాలో 2003 నుండి 2010 వరకు సాగిన 'కోల్డ్ కేస్' ధారావాహిక వేరొక మార్గము తొక్కినది. ఎన్నో ఏండ్ల క్రితము తేలక మూలపడిన హత్యల దస్త్రములను ఫిలడెల్ఫియా పోలీసులు తిరిగి తెరచుటయే అందలి ఇతివృత్తము.

ఇట్టి పాత హత్యకు తపాలా బిళ్ళల సేకరణ తోడైనచో నాటిక ఎట్లు నడచునో ఊహించుట కష్టము కాదు. ఒక సేకర్త హత్యకు గురియగును. అతని ఆల్బములో ఒక గడి ఖాళీగా కనబడును. అనుమానితుడు తాను ఆనాడు ఊరిలో లేనని చెప్పి, రుజువుగా ఒక ఉత్తరమును చూపును. ముప్పది ఏండ్లు గడచును. సాక్షులలో కొందరు మరణింతురు; మిగిలినవారికి జ్ఞాపకము సడలును. కడకు ఆ ఉత్తరము మీది బిళ్ళయే నోరు విప్పును. 1963 నాటి 'షరేడ్' అను ఇంగ్లీషు చలనచిత్రములో కూడ ఇట్టి చమత్కారమే ఉన్నది. హతుని సంచిలోని ప్రతి వస్తువును అందరును వెదకుదురు. పోయిన ధనమంతయు ఒక కవరు మీది మూడు అరుదైన బిళ్ళలుగా మారి, వారి కళ్ళ ఎదుటనే ఉండును.

ఇది రచయితల కల్పన మాత్రమేనా, లేక నిజముగా బిళ్ళ సాక్ష్యము చెప్పగలదా? చెప్పగలదనియే మా సమాధానము. అయితే అది ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆగిపోవునో విద్యార్థులు తెలిసికొనవలెను.

బిళ్ళ వయస్సు

ప్రపంచమున తొలి తపాలా బిళ్ళ 1840 మే నెలలో ఇంగ్లండులో వెలువడినది. మన హైదరాబాదు సంస్థానము 1869లో తన స్వంత బిళ్ళను ముద్రింపించినది. ఆ సంస్థానపు పాత బిళ్ళలపై ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ లిపులలో కూడ వెల కనబడును. ఉర్దూ, తెలుగు భాషలు రెండును చదివెడి మన కళాశాల విద్యార్థులకు ఆ బొటనవ్రేలంత కాగితము తమ స్వంత చరిత్ర వలె తోచుట సహజము. చార్మినారు బొమ్మ గల అణా బిళ్ళ, హైకోర్టు బొమ్మ గల రెండణాల బిళ్ళ, ఉస్మాన్‌సాగర్ బొమ్మ గల నాలుగణాల బిళ్ళ 1931లో వెలువడినవి. 1950 ఏప్రిల్ 1న సంస్థాన తపాలా శాఖ భారత తపాలా శాఖలో విలీనమైనది.

ఇక తర్కమును గమనింపుడు. ఒక దస్తావేజు వివాదములో 1928 నాటిదని చెప్పబడిన కవరు న్యాయస్థానమునకు వచ్చినదనుకొందము. దానిపై చార్మినారు అణా బిళ్ళ ఉన్నచో ఆ కవరు అబద్ధమాడుచున్నదని వేరొక సాక్షి చెప్పనక్కరలేదు. భారత తపాలాలో కూడ ఇట్టి గుర్తులు అనేకము కలవు. నయా పైసల వెలలు 1957 ఏప్రిల్‌లో వచ్చినవి. 1971 నవంబరు 15 నుండి 1973 మార్చి 31 వరకు కవర్లపై అదనముగా అయిదు పైసల శరణార్థి సహాయ బిళ్ళ అంటింపవలసి యుండెను. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చినది. 1968 తేదీ గల ఉత్తరపు కవరుపై, ఆ ఉత్తరము వ్రాసిన చేతితోనే, 'దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాదు-500060' అని ఉన్నచో ఏమనవలెను? నాటికలోని అనుమానితుడు తప్పించుకొను దారి అక్కడనే మూసికొనిపోవును.

అయితే ఒక హెచ్చరిక. బిళ్ళ 'ఇంతకు ముందు కాదు' అని మాత్రమే చెప్పును. 'ఇంతకు తరువాత కాదు' అని చెప్పజాలదు. పెట్టెలో దాచిన పాత బిళ్ళను పదేండ్ల తరువాత కూడ అంటింపవచ్చును. ఆ రెండవ మాట చెప్పునది తపాలా ముద్ర. అందలి ఊరు, తేదీ బిళ్ళకు తోడు నిలిచినప్పుడే సాక్ష్యము పూర్తియగును.

లండను నగరపు ఉదంతము

ఇది కల్పన కాదు. 1872-73 సంవత్సరములలో లండను స్టాక్ ఎక్స్ఛేంజి తపాలా కార్యాలయములో తంతి ఫారములపై దొంగ షిల్లింగు బిళ్ళలు అంటింపబడినవి. పంపువాడు ఫారమును లోపల ఇచ్చివేయును గనుక అతడు బిళ్ళను మరల చూచుట జరుగదు. ఆ మోసమును ఆనాడు ఎవ్వరును పసిగట్టలేదు. ఫారములు చెత్త కాగితములలో కలిసిపోయినవి. వానిలో కొన్ని బయటికి వచ్చి బిళ్ళల వర్తకుల చేతిలో పడినవి. ఇరువది ఐదు ఏండ్ల తరువాత, 1898లో, చార్లెస్ నిస్సెన్ అను వర్తకుడు వానిని పరిశీలించి గుట్టు బయటపెట్టెను. నిజమైన బిళ్ళ కాగితములో ఉండవలసిన నీటిగుర్తు వీనిలో లేదు. బిళ్ళ మూలలలోని అక్షరములు ముద్రణ పుటలో దాని స్థానమును తెలుపును. దొంగ బిళ్ళలపై ఏ స్థానమునకును చెందని అక్షరముల జంటలు కనబడినవి. మోసగాడు కన్నును వంచించెను గాని లెక్కను వంచింపలేకపోయెను. ఇంత జరిగియు దోషికి శిక్ష పడలేదు. నిజము ఆలస్యముగా బయటపడినను న్యాయము దాని వెంట రాకపోవచ్చునని ఈ ఉదంతము తెలుపుచున్నది.

జిగురు వెనుక

బిళ్ళ ముఖము కన్న వీపు విలువైనదని ఇటీవలి విజ్ఞానము నేర్పినది. నాలుకతో తడిపి అంటించిన బిళ్ళ క్రింద లాలాజలములోని కణములు నిలిచియుండును. 1984లో ఇంగ్లండులోని లెస్టరులో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఎ. వ్రేలిముద్రల పద్ధతిని కనుగొనెను. మన నగరములోని సి.సి.ఎం.బి. సంస్థలో డాక్టర్ లాల్జీ సింగ్ ఆ విద్యను భారతదేశమున నెలకొల్పిరి. దానికై ప్రత్యేకముగా 1996లో ఏర్పడిన సి.డి.ఎఫ్.డి. సంస్థ నేడు మన ఎల్.బి. నగర్‌కు చేరువలో, ఉప్పల్‌లో ఉన్నది. టెలివిజన్‌లో చూచి మనము విదేశీయమని అనుకొను విద్య మన ఇంటి పొరుగుననే ఉన్నదన్న మాట.

ఇక్కడను జాగ్రత్త వలయును. అమెరికాలో 1968-69లో హత్యలు చేసి, 'జోడియాక్' అను పేర పత్రికలకు ఉత్తరములు వ్రాసిన హంతకుని కేసులో, 2002లో ఒక బిళ్ళ క్రింద నుండి అసంపూర్ణమైన డి.ఎన్.ఎ. నమూనా లభించినది. చిరకాలము అనుమానింపబడిన ఒక వ్యక్తితో అది సరిపోలలేదు. అయితే బిళ్ళను అంటించినవాడు హంతకుడే కానక్కరలేదు. ఇంటి పనివాడో, మిత్రుడో అంటించి యుండవచ్చును. మన తపాలా కార్యాలయములలో జిగురు డబ్బా కూడ ఉండును. అప్పుడు నాలుకతో పనియే లేదు. దోషి తప్పించుకొనుట కీడు. నిర్దోషి చిక్కుకొనుట అంతకన్న కీడు. అందుచేత ఒక్క ఆధారముపై తీర్పు చెప్పు నాటికను చూచునప్పుడు విద్యార్థి 'మరియొక సాక్ష్యమెక్కడ?' అని ప్రశ్నింపవలెను. మన దేశమున హత్యానేరమును విచారించుటకు కాలపరిమితి లేదు. కాబట్టి ఆధారము నిలిచియున్నంత కాలము ఆ ప్రశ్నకు విలువ ఉన్నది.

మన ఇండ్లలోని ఉత్తరములు

ఇప్పుడు అసలు మాటకు వచ్చుదము. బిళ్ళలు సేకరించు బాలురు కవరు మూలను కత్తెరతో కత్తిరించి, ముక్కను నీటిలో నానబెట్టి, బిళ్ళను ఊడదీసి ఆరబెట్టుదురు. అందుచేత ముద్రలో సగము పోవును. చిరునామా పోవును. జిగురు కరగి, దానితో పాటు లాలాజలపు జాడయు పోవును. మిగిలినది అందమైన బొమ్మ మాత్రమే. సాక్షి బ్రదికియుండగనే దాని నాలుకను కోసినట్లగును. అనుభవజ్ఞులైన సేకర్తలు ఈనాడు పాత కవరును కవరుగానే దాచుటకు కారణమిదియే.

దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, సైదాబాదు, సరూర్‌నగర్ ప్రాంతములలో ఎన్నో ఇండ్లలో తాతల నాటి సందూకులు ఉన్నవి. వానిలో ఉర్దూలో వ్రాసిన ఖత్‌లు, తెలుగులో వ్రాసిన కార్డులు ఉన్నవి. ఆ లిపి చదువలేని మనుమలు వానిని పాత కాగితముల వానికి తూకమునకు ఇచ్చుచున్నారు. అందులో హత్యారహస్యము ఉండకపోవచ్చును. కాని ఒక ఇంటి హక్కు, ఒక వివాహపు తేదీ, ఊరు విడిచిపోయిన ఒక బంధువు జాడ ఉండవచ్చును. వానికి వేరొక సాక్షి లేడు.

కావున విద్యార్థులారా, ఆ కవర్లను కత్తిరింపకుడు, నానబెట్టకుడు. ప్లాస్టిక్ సంచిలో గాక కాగితపు కవరులో, తేమ తగులని చోట దాచుడు. చదువరాని లిపిని మీ అధ్యాపకులచే చదివించుకొనుడు. కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే: గ్రంథాలయములో ఒక బీరువా ఇట్టి ఉత్తరములకై కేటాయింపుడు. ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి వాని జాబితా వ్రాసిపెట్టగలవు.