రేగడి నేలలో పచ్చిక

ఇంటి ముందు కొంత పచ్చిక ఉండవలెనన్న కోరిక నేడు నగరాలలోనే గాక పాణ్యం వంటి ఊళ్ళలో కూడ కనిపిస్తున్నది. కోరిక మంచిదే. పచ్చిక దుమ్మును అణచుతుంది, వాకిలి వేడిని తగ్గిస్తుంది, వానకు మన్ను కొట్టుకొనిపోకుండ పట్టి ఉంచుతుంది. కాని వేసవిలో బిందెడు నీటికై ఎదురుచూసే సీమలో గడ్డికి నీరు పోయుట న్యాయమా అన్న ప్రశ్న కూడ ఉన్నది. ఏ నేలలో, ఏ గడ్డిని, ఎంత మేరకు, ఏ నీటితో పెంచుతున్నామన్న దానినిబట్టి దీనికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.

మన నేల స్వభావం

ఎర్రమల, నల్లమల కొండల నడుమ కుందూనది ప్రవహించే లోయ మనది. భూగర్భశాస్త్రజ్ఞులు కర్నూలు శిలాశ్రేణి అని పేర్కొనే రాతిపొరలలో ఒకదానికి పాణ్యం పేరు, మరొకదానికి నంద్యాల పేరు ఉన్నవి. పాణ్యం పేరుగలది గట్టి ఇసుకరాతి జాతికి చెందినది. అందువలన కొండల చెంత నేల గులకరాళ్ళతో పలుచగా ఉంటుంది. లోయలో సున్నపురాయి, పలకరాయి శిథిలమై నల్లరేగడిగా మారినవి.

నల్లరేగడి తడిసినపుడు ఉబ్బుతుంది, ఎండినపుడు కుంచించుకొని నెర్రెలు వారుతుంది. అందలి బంకమట్టి రేణువులు నీటిని పీల్చుకొని పట్టి ఉంచుటయే దీనికి కారణం. ఈ గుణమే శనగకు, జొన్నకు వరమైనది. వానలు వెనుదిరిగిన పిమ్మట కూడ ఆ పైరులు నేలలో మిగిలిన పదునుతోనే పండుతవి. పైపైన వేళ్ళు పారే సుకుమారమైన గడ్డికి మాత్రం అదే శాపం. నెర్రె విచ్చినచోట దాని వేళ్ళు తెగిపోతవి.

ఏ గడ్డిని ఎన్నుకొనవలెను?

ఇంటి ముందు పచ్చికను తివాచీవలె కత్తిరించి ఉంచే పద్ధతి ఇంగ్లండు వంటి చల్లని దేశాలలో వృద్ధిచెందినది. అక్కడ ఏడాది పొడుగునా తుంపరలు పడుతవి. మనకు ఏటి వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం జూన్ నుండి సెప్టెంబరు లోపలనే కురుస్తుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుట పరిపాటి. కడియం వంటి నర్సరీలలో, గోదావరి ఒండ్రునేలలో పెరిగిన మెత్తని గడ్డిరకాలు చూపునకు ఇంపుగా ఉన్నా, ఇక్కడ వాటిని నిలుపుటకు నిత్యం నీరు కావలెను.

మన పొలంగట్ల మీద ఎవరూ నాటకుండానే పెరిగే గరిక ఈ నేలకు తగిన గడ్డి. సంస్కృతంలో దూర్వ, ఉర్దూలో దూబ్ అని పిలిచేది దీనినే. వినాయకచవితి పత్రిలో దీనికి స్థానమున్నది. చెరకు, మొక్కజొన్నల వలె గరిక కూడ తీవ్రమైన ఎండలో సమర్థంగా ఆహారం తయారుచేసుకొనగల జాతికి చెందినది. నేలపైన తీగలు, నేలలోపల కాండాలు రెండింటితోను వ్యాపిస్తుంది. నీరు లేనపుడు పైభాగం ఎండి గోధుమరంగుకు తిరిగినా లోపలి కాండం జీవించియే ఉంటుంది. తొలకరికి తిరిగి చిగురిస్తుంది. అయితే నీడను ఇది సహించదు. వేపచెట్టు క్రింద గరికను నాటుట వృథాశ్రమ.

నాటే విధానం

మే నెలలో నేలను అడుగు లోతు త్రవ్వి, గడ్డలను ఎండనివ్వవలెను. తుంగగడ్డలు, వయ్యారిభామ మొక్కలు వేళ్ళతో సహా ఏరివేయవలెను. తుంగగడ్డ ఒక్కటి మిగిలినా ఏడాదిలోపల పచ్చికను ఆక్రమిస్తుంది. తరువాత బాగుగా చివికిన పశువుల ఎరువును చదరపు మీటరుకు రెండు గంపల చొప్పున కలుపవలెను. రేగడిలో కొద్దిపాటి ఇసుక కలిపితే ప్రయోజనముండదు. మట్టిని గుల్లపరిచేది ఎరువే. నేల చవుడుబారి ఉంటే మట్టిపరీక్ష చేయించి, ఆ ఫలితాన్నిబట్టి జిప్సం వేయవలెను.

ఇంటి గోడనుండి బయటికి కొంచెం వాలు ఉండునట్లు నేలను చదును చేయవలెను. తొలి వానలు పడి, మట్టి కాళ్ళకు అంటని పదునుకు వచ్చినపుడు వేళ్ళున్న గరికకాడలను నాలుగు అంగుళాల ఎడంలో నాటవలెను. తడి రేగడిని త్రొక్కితే అది ఇటుకవలె బిగుసుకొనిపోతుంది. కావున పలకలు పరచి, వాటిమీద నిలిచి పనిచేయుట మేలు.

నీటి లెక్క

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు అనగా ఒక లీటరు. వేసవిలో వారానికి 25 మిల్లీమీటర్లు పెట్టదలచితే 10 చదరపు మీటర్ల పచ్చికకు 250 లీటర్లు, అనగా 15 లీటర్ల బిందెలు సుమారు 17 కావలెను. అదే పచ్చిక 100 చదరపు మీటర్లయితే 167 బిందెలు కావలెను. పచ్చిక ఎంత ఉండవలెనన్నది స్థలాన్నిబట్టి గాక, ఇంటిలో వాడిన తరువాత మిగిలే నీటినిబట్టి నిర్ణయించుకొనవలెను.

ఒక ఇంటిలో ఐదుగురు రోజుకు ఐదుమార్లు వుజూ చేస్తారనుకొందాం. మనిషికి మారుకు రెండు లీటర్ల చొప్పున రోజుకు 50, వారానికి 350 లీటర్లు అవుతుంది. సబ్బు కలియని ఈ నీటిని చిన్న కాలువ ద్వారా మళ్ళిస్తే 10 చదరపు మీటర్ల గరికకు సరిపోయి ఇంకను మిగులుతుంది. ప్రవహించే నది ఒడ్డున ఉన్నప్పటికీ వుజూలో నీటిని వృథా చేయరాదన్నది ఇస్లాం బోధ. పశువులు లేని ఇళ్ళలో బియ్యం, కూరగాయలు కడిగిన నీటిని కూడ ఇట్లే వినియోగించవచ్చును. బట్టలుతికిన నీరు మాత్రం పనికిరాదు. అందలి సోడా రేగడిని క్రమంగా చవుడుగా మారుస్తుంది.

రోజూ చిలకరించుటకంటె వారానికి ఒకటి రెండు మార్లు, చల్లని వేళలో, జానెడు లోతు తడియునట్లు పెట్టుట మంచిది. అపుడు వేళ్ళు లోతుకు దిగుతవి. నెర్రెలు కనిపిస్తే చివికిన ఎరువు కలిపిన మట్టిపొడితో పూడ్చవలెను.

కోత, ఎరువు

గరికను అంగుళంన్నర ఎత్తున ఉంచి, ఒక్కసారిగా మూడవవంతుకంటె ఎక్కువ కోయరాదు. వేసవిలో రెండంగుళాలు ఉండనిస్తే దాని నీడయే నేలను కాపాడుతుంది. వానకాలంలో రెండుమార్లు, చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా చల్లి వెంటనే తడుపవలెను. ఎండకాలంలో యూరియా వేయరాదు.

ఇంత చేసినా, ఇంటిలో త్రాగునీటికే కరువు వచ్చిన ఏడు గరికకు నీరు మానివేయవలెను. అది ఎండినదని పెరికివేయక, త్రొక్కక విడిచిపెడితే చాలును. గరిక నిదురించుట ఎరిగిన గడ్డి. జూన్ వానకు తానే లేస్తుంది. విద్యార్థులు తమ ఇండ్లలో మంచమంత స్థలంతో ఈ ప్రయత్నం ప్రారంభించి, తమ ఇంట రోజుకు ఎంత నీరు వృథాగా పోతున్నదో ముందుగా కొలిచి చూచుకొందురుగాక.