ధీమాగా చెప్పిన తప్పు

టీవీలో క్విజ్ కార్యక్రమం వస్తున్నప్పుడు ఇంట్లో అందరూ పండితులే. 2014లో నాగార్జున ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’తో వచ్చాక తెలుగు ఇళ్లలో ఈ పాండిత్యం ఇంకాస్త పెరిగింది. హాట్ సీట్‌లో ఉన్నవారు తప్పు ఆప్షన్ లాక్ చేయించుకోగానే ‘ఆ మాత్రం తెలియదా!’ అనే మాట సోఫాలోంచి వస్తుంది. లైట్లు, కెమెరాలు, ఎదురుగా సినిమా హీరో ఉంటే మనకు ఎంత గుర్తొచ్చేదో, అది వేరే సంగతి. పక్కన కూర్చున్న ఆరో తరగతి పాప మాత్రం ఆ మాట వింటుంది. తప్పు చెబితే పెద్దవాళ్లు ఏమంటారో తనకు తెలిసిపోతుంది. మర్నాడు క్లాసులో టీచర్ ప్రశ్న వేసినప్పుడు, జవాబు సగం తెలిసినా, చెయ్యి కిందే ఉంచుతుంది.

చెయ్యి ఎత్తని పిల్లల తప్పులు టీచర్‌కు కనిపించవు. కనిపించని తప్పును ఎవరూ దిద్దలేరు. అందుకే ఈ నెల పేరెంట్స్ పాఠం తప్పు జవాబుల గురించి. తప్పులన్నీ ఒకే రకం కాదు. తెలియక చెప్పినవి, కంగారులో చెప్పినవి, ‘నాకు కచ్చితంగా తెలుసు’ అనుకుని చెప్పినవి వేర్వేరు. ఈ చివరి రకం చూసి మనం ఎక్కువ కోప్పడతాం. నేర్చుకోవడానికి ఎక్కువ పనికొచ్చేది కూడా అదే.

ముందు కంగారు తప్పు సంగతి. బ్రిటన్‌లో ‘ఫ్యామిలీ ఫార్చూన్స్’ అని ఒక టీవీ ఆట ఉండేది. వంద మందిని అడిగి సేకరించిన జవాబులతో మన జవాబు కలవాలి, అదీ కొన్ని సెకన్లలోనే. 1980లలో ఒక పోటీదారుణ్ని ‘బీచ్‌కి తీసుకెళ్లే వస్తువు?’ అని అడిగితే ‘టర్కీ కోడి’ అన్నాడు. ‘సూపర్ మార్కెట్‌లో మొదట కొనేది?’ అంటే మళ్లీ ‘టర్కీ కోడి’. లోపల మసాలా కూరి వండే పదార్థం ఏదని అడిగినప్పుడు కూడా అదే చెప్పాడు, ఈసారి మాత్రం జవాబు అతికింది. బ్రిటన్‌లో ఇప్పటికీ ఆ క్లిప్ చూసి నవ్వుకుంటారు. ఆయనకు బీచ్ అంటే ఏమిటో తెలియక కాదు. గడియారం తరుముతుంటే మనసు ఒక మాట దగ్గర ఇరుక్కుపోయింది. పరీక్ష హాల్లో 7×8 అంటే 54 అని రాసి వచ్చిన బాబుదీ ఇదే పరిస్థితి కావచ్చు. ఇంటికొచ్చాక అడిగితే 56 అని ఠక్కున చెబుతాడు. ఇలాంటి తప్పుకు మళ్లీ ఎక్కాలు వల్లె వేయించి లాభం లేదు. కావలసింది టైమ్ పెట్టుకుని సాధన చేయడం, చివర్లో ఒకసారి సరిచూసుకునే అలవాటు.

ఇక ధీమా దగ్గరికి వద్దాం. క్విజ్ పోటీల్లో వచ్చిన తప్పు జవాబుల్లో నాకు బాగా నచ్చినది ఒక కంప్యూటర్ చెప్పినది. 2011 ఫిబ్రవరిలో అమెరికా టీవీ క్విజ్ ‘జెపర్డీ’లో ఐబీఎం తయారుచేసిన వాట్సన్ అనే కంప్యూటర్, కెన్ జెన్నింగ్స్, బ్రాడ్ రటర్ అనే ఇద్దరు మేటి విజేతలతో పోటీపడింది. మొదటి ఆట చివరి ప్రశ్న ‘అమెరికా నగరాలు’ అనే విభాగంలో వచ్చింది. ఒక నగరంలో అతిపెద్ద విమానాశ్రయానికి రెండో ప్రపంచ యుద్ధ వీరుడి పేరు, రెండో దానికి ఆ యుద్ధంలోని ఒక సమరం పేరు ఉన్నాయి, ఏ నగరం? జవాబు షికాగో. మనుషులిద్దరూ సరిగ్గా రాశారు. వాట్సన్ ‘టొరంటో’ అని చూపించింది. విభాగం పేరులోనే అమెరికా నగరాలు అని ఉంటే కెనడా నగరం చెప్పడం ఏమిటని జనం నవ్వుకున్నారు.

(ఇది మన పిల్లలూ చేసేదే. ‘కింది వాటిలో సరి కానిది ఏది?’ అన్న ప్రశ్నలో ‘కానిది’ అన్న మాట దాటిపోయి, మొదట కనిపించిన సరైన వాక్యానికి టిక్ పెట్టి వస్తారు.)

ఆ నవ్వులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. వాట్సన్ టొరంటో పక్కన ఐదు ప్రశ్నార్థకాలు పెట్టింది. అంటే, ‘నాకు నమ్మకం లేదు’ అని తనే ఒప్పుకుంది. ఆ ఆటలో చివరి ప్రశ్న చూడకముందే, విభాగం పేరును బట్టి పందెం కాయాలి. అప్పటికి తన దగ్గర 36,681 డాలర్లు ఉన్నా అది కాసింది 947 డాలర్లే. జవాబు తప్పినా పోయింది అంతే. రెండు ఆటలు కలిపి 77,147 డాలర్లతో అదే గెలిచింది. జెన్నింగ్స్‌కు 24,000, రటర్‌కు 21,600 వచ్చాయి. తనకు తెలిసిందెంత, తెలియనిదెంత అన్న లెక్క దగ్గర ఉంది కాబట్టి ఆ తప్పు దాన్ని ముంచలేదు.

అదే పోటీలో వాట్సన్ ఇంకో తప్పు చేసింది. మొదటి ఆధునిక క్రాస్‌వర్డ్ పజిల్, ఓరియో బిస్కెట్లు వచ్చిన దశాబ్దం ఏదని అడిగితే జెన్నింగ్స్ ఇరవైలు అన్నాడు. తప్పు. వెంటనే వాట్సన్ బజర్ నొక్కి ‘1920లు’ అంది. పక్కవారి జవాబు వినే ఏర్పాటు దానికి లేదు మరి. సరైన జవాబు 1910లు. ఇలా ముందువాళ్లు చెప్పిన తప్పునే మళ్లీ చెప్పడం మన ఇంటర్ హౌస్ క్విజ్‌లోనూ కనిపిస్తుంది. పిల్లలు తమ జవాబు కూడబలుక్కోవడంలో పడి ఎదుటి జట్టు మాట వినరు.

మరి నలుగురూ చెప్పిన దాన్ని నమ్మవచ్చా? ఫ్రాన్స్‌లో కోటీశ్వరుడు తరహా కార్యక్రమంలో ఒకసారి, భూమి చుట్టూ తిరిగేది ఏది అని అడిగారు. పోటీదారుకు అనుమానం వచ్చి ప్రేక్షకుల సాయం కోరాడు. 56 శాతం మంది సూర్యుడు అన్నారు, చంద్రుడు అన్నవారు 42 శాతం. ఆయన మెజారిటీని నమ్మి ఓడిపోయాడు. ప్రేక్షకులు కావాలనే ఆటపట్టించారని అనేవారూ ఉన్నారు. ఏదైతేనేం, ‘మా గ్రూప్‌లో అందరూ బీ అనే పెట్టారు’ అని పిల్లలు వాదించినప్పుడు ఈ కథ చెప్పండి.

ఇప్పుడు మన పిల్లల ధీమా తప్పులు చూద్దాం. సౌర కుటుంబంలో అత్యంత వేడి గ్రహం ఏది? చాలామంది తడుముకోకుండా బుధుడు అంటారు. జవాబు శుక్రుడు. ఇక్కడ ఆగి ‘ఎందుకలా అనుకున్నావు?’ అని అడిగి చూడండి. ‘సూర్యుడికి దగ్గర కదా’ అంటారు. ఆ ఆలోచన తప్పు కాదు, సగంలో ఆగిపోయింది. బుధుడికి చెప్పుకోదగ్గ వాతావరణం లేదు కాబట్టి వేడిని పట్టి ఉంచుకోలేదు. శుక్రుడిని దట్టమైన కార్బన్ డయాక్సైడ్ దుప్పటిలా కప్పి ఉంచుతుంది. ఆ ఒక్క తప్పు జవాబు పట్టుకుని గ్రీన్‌హౌస్ ప్రభావం పాఠం మొత్తం చెప్పవచ్చు. ‘తప్పు, శుక్రుడు, రాసుకో’ అన్నామంటే ఆ అవకాశం పోతుంది.

ఇంకొకటి. 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని? పిల్లలే కాదు, పెద్దల్లోనూ కొందరు హైదరాబాద్ అంటారు. సరైన జవాబు కర్నూలు. హైదరాబాద్ రాజధాని అయింది 1956 నవంబర్ 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు. రెండు తేదీలు, రెండు రాష్ట్రాలు మనసులో ఒకటైపోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది.

ఇలాంటి తప్పుల మీద పరిశోధన కూడా జరిగింది. 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సాధారణ జ్ఞాన ప్రశ్నలు అడిగి, ప్రతి జవాబు మీద ఎంత నమ్మకముందో కూడా చెప్పించారు. తప్పయితే సరైన జవాబు చూపించారు. తర్వాత మళ్లీ అడిగితే, అనుమానంగా చెప్పిన తప్పుల కంటే ధీమాగా చెప్పిన తప్పులే ఎక్కువగా సరి అయ్యాయి. దీనికి హైపర్ కరెక్షన్ అని పేరు పెట్టారు. గట్టి నమ్మకం ముందు కొత్త సమాచారం నిలబడదని మనం అనుకుంటాం, జరిగింది దానికి తిరకాసు. ఆశ్చర్యం దీనికి ఒక ముఖ్య కారణమని వారి వివరణ. ‘అదేంటి, నేను అనుకున్నది కాదా!’ అన్న క్షణంలో మనసు నిటారుగా కూర్చుంటుంది. ఆ క్షణంలో పిల్లల చెవిన సరైన జవాబు, దాని కారణం పడాలి. ‘ఇన్ని వేలు ఫీజు కట్టి చదివిస్తుంటే’ అన్న మాట పడితే వారి ధ్యాస గ్రహం మీద నుంచి మన ముఖం మీదికి వెళ్లిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. 2011లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, వారం గడిచాక సరైన జవాబు మరిచిపోతే పాత ధీమా తప్పే తిరిగి నోటికొస్తుంది. కాబట్టి ఒకసారి దిద్దితే చాలదు, వారానికి మళ్లీ అడగాలి. 2005లో రోడిగర్, మార్ష్ గమనించినది కూడా తల్లిదండ్రులకు తెలియాలి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు ఆప్షన్ ఎంచుకున్నవారు, తర్వాత ఆప్షన్లు లేకుండా అడిగినా అదే తప్పు చెప్పే ప్రమాదం ఉంది. పరీక్ష కూడా తప్పును నేర్పగలదన్నమాట. సరైన జవాబు వెంటనే చెబితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. వారాంతపు టెస్ట్ పేపర్ ఇంటికొచ్చినప్పుడు మార్కు చూసి సంతకం పెట్టేస్తే ఆ పేపర్‌తో రావాల్సిన సగం ప్రయోజనం రాదు. ఈ మాట మా స్టాఫ్ రూముల్లోనూ చెప్పుకోవలసిందే.

పోటీ పరీక్షల దగ్గర ఇది నేరుగా మార్కుల లెక్క. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, నెగటివ్ మార్కింగ్ లేదు, కాబట్టి ఏదీ వదిలేయకూడదు. నీట్‌లో ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున పావు మార్కు వస్తుంది, అదృష్టం బాగోకపోతే అదీ ఉండదు. రెండు ఆప్షన్లు నమ్మకంగా కొట్టేయగలిగితే సగటు ఒకటిన్నర. అంటే ‘తెలుసు’, ‘తెలియదు’ అనే రెండు గదులే కాక మధ్యలో ‘కొంత తెలుసు’ అనే గది ఎంత పెద్దదో పిల్లలకు తెలియాలి. ఇంటర్ రెండో సంవత్సరంలో హఠాత్తుగా వచ్చే నేర్పు కాదిది.

కీ తప్పయిన సందర్భాలు కూడా లేకపోలేదు. ‘మన జాతీయ క్రీడ?’ అంటే హాకీ అని ఎన్నో జీకే పుస్తకాల్లో ఉంటుంది. ఏ క్రీడనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని 2012లో కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ సమాచార హక్కు చట్టం కింద జవాబిచ్చింది. అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అనే రచయిత మరీ చిత్రమైన పని చేశాడు. తన విజ్ఞాన కోశంలో కావాలనే ఒక అబద్ధం పెట్టాడు. టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని. తర్వాత ‘ట్రివియల్ పర్‌స్యూట్’ క్విజ్ ఆట కార్డుల్లో ఆ ఫిలిప్ కనిపించాడు. నా పుస్తకంలోంచి ఎత్తారని 1984లో కోర్టుకెళ్లాడు. వాస్తవాలు ఎవరి సొత్తూ కావన్న వాదన నిలిచి కేసు ఓడిపోయాడు, కానీ అచ్చయిన జవాబు కూడా అబద్ధం కావచ్చని రుజువైంది. మీ పాప ‘కీ తప్పు’ అని వాదిస్తే పుస్తకం తెరిచి చూపించమనండి. ఎంట్రన్స్ పరీక్షల్లో ప్రాథమిక కీ మీద అభ్యంతరాలు తీసుకునేది ఇందుకే.

ఈ ఆదివారం ఇంట్లో ఒక ఆట ఆడి చూడండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో గార్డ్‌నర్-మెడ్విన్ అనే ప్రొఫెసర్ వైద్య విద్యార్థుల కోసం వాడిన మార్కుల పద్ధతి ఇది, చింతపిక్కలకు మార్చుకుందాం. (పల్లీలు వద్దు, ఆట ముగిసేలోపు బ్యాంకు ఖాళీ అవుతుంది.) అందరికీ తలా ఇరవై గింజలు ఇవ్వండి, అమ్మానాన్నలకు కూడా. జవాబు చెప్పేటప్పుడు ఎంత నమ్మకమో కూడా చెప్పాలి: ఒకటి, రెండు, లేదా మూడు. ఒప్పయితే అన్ని గింజలు వస్తాయి. తప్పయితే ఒకటి అన్నవారికి ఏమీ పోదు, రెండు అన్నవారికి రెండు పోతాయి, మూడు అన్నవారికి ఆరు. ఈ లెక్కలో డాబుకు లాభం లేదు, అతి భయానికీ లాభం లేదు. పదికి ఎనిమిది సార్లకు మించి ఒప్పవుతుందనుకుంటేనే మూడు అనడం మేలు. పదికి ఆరేడు సార్లకు మించి నమ్మకం లేకపోతే ఒకటే చాలు.

మొదటి వారం పిల్లలు అన్నిటికీ మూడు అంటారు, గింజలు హరించుకుపోతాయి. రెండో వారానికి ఆలోచించడం మొదలుపెడతారు. ఎప్పుడూ ఒకటే అనే పిల్లలు ఉంటే వారిని గమనించండి. తెలిసి కూడా భయపడుతున్నారేమో, పీటీఎంలో క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. ‘మూడు’ అని తప్పు చెప్పిన ప్రశ్నలకు ఒక పాత నోటుబుక్ పెట్టండి. తప్పు జవాబు, ఎందుకలా అనుకున్నారో ఒక వాక్యం, సరైన జవాబు, తేదీ రాయించండి. తర్వాతి ఆదివారం ఆట ఆ పేజీతోనే మొదలుపెట్టండి. మీ ధీమా తప్పులు కూడా అందులో రాయాలి, పిల్లలకు ఆ పేజీ చదవడం మహా సరదా.

మొదటి ప్రశ్న మా వైపు నుంచి: దక్షిణ భారతదేశంలో ఎత్తయిన శిఖరం ఏది? దొడ్డబెట్ట అని మూడు గింజలు పెట్టినవారు ఆరు ఇచ్చేయాలి. అది 2,637 మీటర్లే. కేరళలోని అనముడి 2,695.