గచ్చుపూత క్రింది బీట

పాఠ్యభాగము: యెహెజ్కేలు 13:10–16



గోడకు గచ్చుపూత పూయువారిని గూర్చి ప్రవక్త ఈ భాగములో పలికెను. గోడ కూలినప్పుడు దాని పునాది బయటపడునని 14వ వచనములో నున్నది. ఇది చదువునప్పుడెల్ల మాకు మా యింటి తలుపు జ్ఞాపకము వచ్చును.

మాది నల్లరేగడి నేల. ఒక వానకాలమున మా వంటింటి తలుపు బిగుసుకొనెను. చెక్క తేమకు ఉబ్బినదని తలంచి వడ్రంగిచేత చిత్రిక పట్టించితిమి. వేసవిలో వేలు దూరునంత సందు ఏర్పడెను. మరుసటి వానలకు మరల బిగిసెను, మరల చిత్రిక! మూడవ యేట కిటికీ మూలనుండి చూరువరకు ఏటవాలుగా బీట కనబడినప్పుడు గాని, దోషము చెక్కది కాదు, గడప క్రింది నేలదని మేము గ్రహింపలేదు.

రేగడి బంకమన్ను నీరు త్రాగి ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెర్రెలు విచ్చును. లోతు చాలని పునాది దానితోకూడ లేచి దిగును. ఇల్లంతయు ఒకే రీతిగా కదలిన హాని కొంచెమే. స్నానపు నీరు నిలుచు మూల ఉబ్బి, వేపచెట్టు వేళ్లు తేమను పీల్చు మూల క్రుంగినప్పుడు నడుమనున్న గోడ చీలును.

ప్రతి బీటకు భయపడనక్కరలేదు. పూతమీది వెండ్రుకవంటి గీతలు చాలమట్టుకు పూత ఆరుటవలన కలుగును. అయితే బీట ఇటుకల సందులవెంట మెట్లుమెట్లుగా నడచినను, ఒక కొన వెడల్పుగా నుండినను, ఇంటిలోపలను వెలుపలను ఒకేచోట కనబడినను పునాదిని అనుమానింపవలెను. గది నడుమ గచ్చు ఉబ్బుటయు, గోడకును కప్పునకును ఎడము కలుగుటయు అట్టి గురుతులే. బీట కొనలయొద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వ్రాయుడి. బీటకు అడ్డముగా గాజుముక్కను సిమెంటుతో అతికించుడి. అది పగిలినయెడల గోడ యింకను కదలుచున్నది. వెడల్పు 5 మిల్లీమీటర్లు మించినచో ఇంజనీరును పిలువుడి. గోడ వెలుపలికి వంగినచో ఆ గదిలో ఆ రాత్రియే పండుకొనకుడి.

ఈ చివరి మాట ఊరక వ్రాయలేదు. మా సంఘములోని ఒక విధవరాలు, కుమార్తె పెండ్లికి ముందు, వెనుక గోడ బీటను మాకు చూపి సలహా అడిగెను. “పూడ్చి వెల్ల వేయించుమమ్మా” అంటిమి. ఆమె అప్పుచేసి అట్లే చేసెను. ఆ యేటి భాద్రపద వానలో అర్ధరాత్రి ఆ గోడ వెలుపలికి కూలెను. ఆమె వసారాలో పండుకొనియున్నందున ప్రాణము దక్కినది. దేవునికి స్తోత్రము, గాని వెల్ల వేయుమని చెప్పినది మేమే.

ఇంటిచుట్టు మీటరు వెడల్పున వాలుగా గచ్చు చేయించి, వాననీటిని దూరముగా పోనిచ్చుట మొదటి పని. పెద్ద చెట్టును ఒక్కసారిగా నరుకకుడి. వేళ్లు పీల్చుట మానగా మన్ను ఉబ్బి క్రొత్త బీటలు కలుగవచ్చును. క్రొత్తగా కట్టువారు నెర్రెలు దిగు లోతును దాటి త్రవ్వవలెను. లూకా 6:48లోని మనుష్యుడు లోతుగా త్రవ్వినవాడే. రేగడి మిక్కిలి లోతుగా నున్నచోట్ల అడుగున గంటవలె వెడల్పుచేసిన కాంక్రీటు స్తంభములను సాధారణముగా 3.5 మీటర్ల లోతునకు దింపుదురు. ఈ పద్ధతిని మన దేశమున రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థవారు అభివృద్ధిచేసిరి.

ఈ నెల ఆదివారపు ఆరాధనల తరువాత పెన్సిలును కొలబద్దను తీసికొని ఇండ్లు దర్శింపగోరుచున్నాము. పిలువగోరువారు బీట పూడ్చకముందే పిలువుడి.