కట్టు తప్పినవాని యెడ సంఘధర్మము

ఏ సంఘమైనను కొన్ని కట్టుబాట్లచే నిలుచును. వానిని అందరును ఎల్లప్పుడును పాటింపజాలరు. తప్పిన వ్యక్తిని సంఘము దిద్దుకొనవలెనా, త్రోసివేయవలెనా అను ప్రశ్న ప్రతి కులపెద్దకును, ప్రతి మఠమునకును ఎప్పుడో ఒకప్పుడు ఎదురగుచునే యుండును. దీనిని గ్రహించుటకు రెండు నిదర్శనములు పరిశీలింపదగినవి.

మొదటి నిదర్శనము: నీటి వంతు

స్పెయిను దేశమందలి వాలెన్సియా నగరమున రైతుల జలన్యాయసభ యొకటి శతాబ్దములుగా నడచుచున్నది. ప్రతి గురువారము మధ్యాహ్నము 12 గంటలకు అచటి ప్రధాన క్రైస్తవ దేవాలయ ద్వారముకడ అది సమావేశమగును. కాలువల రైతులు తమలోనుండి ఎన్నుకొనినవారే న్యాయకర్తలు. వంతు తప్పి నీరు పెట్టుకొనినవాడును, నీటిని వృథా చేసినవాడును అచట సమాధానము చెప్పుకొనవలెను. విచారణమంతయు నోటిమాటతో, అందరి యెదుట జరుగును. తీర్పు వెంటనే చెప్పబడును. 2009లో యునెస్కో సంస్థ ఈ సభను మానవజాతి సాంస్కృతిక వారసత్వముగా గుర్తించినది.

ఇట్టి వ్యవస్థలను అమెరికా పండితురాలు ఎలినార్ ఆస్ట్రమ్ పరిశోధించి 1990లో గ్రంథము ప్రకటించెను. ఈమెకు 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఉమ్మడి నీటిని, అడవిని, పచ్చికను చిరకాలము కాపాడుకొనిన సంఘములలో దండనము మెట్లుమెట్లుగా నుండునని ఆమె కనుగొనెను. మొదటి తప్పునకు స్వల్పమైన జరిమానా. తప్పు మరల మరల చేసిననే కఠినశిక్ష. అనావృష్టి కాలమున ఎండిపోవు పైరును చూడలేక ఒకనాడు వంతు తప్పిన రైతు స్వభావముచే దొంగ కాడు. చిన్న జరిమానా అతనికి హెచ్చరిక యగును. తప్పు కనిపెట్టబడుచున్నదని తక్కినవారికి ధైర్యము కలుగును. అతడు సంఘమునకు శత్రువు కాకుండును.

రెండవ నిదర్శనము: వెలి

వితంతువుల పునర్వివాహము 1856లోనే చట్టసమ్మతమైనది. అయినను 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు పీఠాధిపతి యాజ్ఞతో వెలి విధింపబడినది. వంటవారును, పురోహితులును వచ్చుటకు జంకిరి. పంతులుగారి సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి, వంట చేయవలసి వచ్చినది. సహకరించినవారిలో కొందరు భయపడి ప్రాయశ్చిత్తము చేసికొనిరి.

రెంటికిని గల భేదము

వాలెన్సియాలో ఒకని తప్పువలన పొరుగువాని పొలము ఎండును. రాజమహేంద్రవరమున ఎవని పొలమును ఎండలేదు, ఎవని అన్నమును పోలేదు. ఒక యువతి జీవితము చిగిర్చినది. అచట ఆరోపితుని మాట వినిన పిదప తీర్పు. ఇచట మాట వినకయే ఆజ్ఞ. అచట జరిమానా చెల్లించుటతో వివాదము ముగియును. ఇచట దండనము పంక్తిభోజనము చేసినవారికిని, నీరు అందించినవారికిని ప్రాకినది. 1989లో జాన్ బ్రైత్‌వైట్ అను ఆస్ట్రేలియా నేరశాస్త్రజ్ఞుడు ఈ భేదమునే వివరించెను. తప్పును నిందించి మనిషిని మరల చేర్చుకొను సిగ్గు మనిషిని దిద్దును. మనిషికే శాశ్వతముగా మచ్చ వేయు సిగ్గు అతనిని మరింత దూరమునకు నెట్టును.

శరణ సంప్రదాయమున

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు సమగారకులజుడగు హరళయ్య కుమారునకును, బ్రాహ్మణకులజుడగు మధువరసుని కుమార్తెకును వివాహము జరిగెననియు, బిజ్జలుడు ఆ తండ్రులకు ఘోరమైన మరణదండన విధించెననియు సంప్రదాయము చెప్పుచున్నది. నాటి లోకము దృష్టిలో కట్టు తప్పినవారు శరణులే. వారిని పూజించువారి యింట నేడు కులాంతర వివాహము చేసికొనిన బిడ్డకు తలుపు మూయబడినచో, ఆ పూజ యెట్టిదో ఆలోచింపవలసియున్నది.

ఇట్టి వెలిని నిషేధించుచు మహారాష్ట్ర శాసనసభ 2016లో చట్టము చేసినది. అది 2017లో అమలులోనికి వచ్చినది. వెలి విధించినవారికి దాని ప్రకారము మూడేండ్ల వరకు కారాగారము గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. చట్టము వెలిని ఆపగలదు. విడిపోయినవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టుట పెద్దల పని.

పెద్దలు విచారింపవలసినవి

1. ఈ పనివలన ఎవరికైనను హాని కలిగినదా, లేక అలవాటు మాత్రమే తప్పినదా?
2. ఆరోపితుని మాట అందరి యెదుట వినబడినదా?
3. దండనము తప్పునకు తగినంతయే యున్నదా? భార్యాబిడ్డలపై పడుచున్నదా?
4. తిరిగి వచ్చుటకు దారి స్పష్టముగా చెప్పబడినదా?

ఇతరులను పీడించినవానిని, మోసగించినవానిని ఉపేక్షింపుమని దీని భావము కాదు. హాని పొందినవానికి న్యాయము ముందు జరుగవలెను. పిదప తప్పు చేసినవాడు దిద్దుకొని వచ్చినప్పుడు, అతనికి పీట వేయుటయు సంఘధర్మమే యగును.