మామిడి కోతల వేళ: తొక్కలోనే తెగులు మందు

పచ్చి మామిడికాయ తొక్కలో రిసార్సినాల్ జాతి పదార్థాలు ఉంటాయి. ఇవి శిలీంద్రాలను ఎదగనీయవు. మచ్చ తెగులు తెచ్చే కొల్లెటోట్రైకమ్ శిలీంద్రం పిందె దశలోనే కాయను పట్టుకున్నా, పచ్చిగా ఉన్నన్నాళ్లూ తొక్క కింద అణగి ఉండటానికి ఇదొక కారణం. కాయ మగ్గేకొద్దీ ఈ పదార్థాలు తగ్గిపోతాయి. చెట్టు మీద నిగనిగలాడిన బంగినపల్లికి పండు రంగు తిరిగేసరికి నల్లమచ్చలు తేలేది అందుకే.

ఇలాంటి రక్షణ మిగతా పండ్ల చెట్లలోనూ ఉంది. దానిమ్మ తొక్కలో ఎలాజిక్ ఆమ్లం, ప్యునికలాజిన్, జామ ఆకులో క్వెర్సెటిన్, టానిన్లు, మామిడి ఆకులో మాంజిఫెరిన్ ఉంటాయి. ఇవన్నీ ఫినాల్ జాతివే. శిలీంద్రపు కణపొరను, ఎంజైములను దెబ్బతీసేదీ, కణాలను పాడుచేసే చురుకైన ఆక్సిజన్ రూపాలను అణచేదీ ఇవే. అందుకే ఒకే కషాయంలో శిలీంద్రనాశక గుణం, యాంటీఆక్సిడెంట్ గుణం రెండూ కనిపిస్తాయి. అయితే ఈ పదార్థాలు గాలి తగిలితే తామే ఆక్సీకరణం చెందుతాయి. నిలవ పెట్టిన కషాయం నల్లబడి పస తగ్గుతుంది. ఏ రోజుకారోజు చేసుకోవడమే మేలు.

కోసిన మామిడికాయలను ముంచడానికి రైతు ఇంట్లో తేలిగ్గా చేసుకోగలిగింది దానిమ్మ తొక్క కషాయం. తొక్కలను నీడలో పెళుసుగా ఎండబెట్టి పొడి చేయాలి. లీటరు నీటికి 100 గ్రాముల పొడి చొప్పున రాత్రి నానబెట్టి, ఉదయం పలుచని గుడ్డలో వడగట్టాలి. పాత్ర ప్లాస్టిక్‌దో స్టీలుదో అయి ఉండాలి. ఇనుప బాణలి పనికిరాదు, టానిన్లు ఇనుముతో కలిస్తే ద్రవం సిరాలా నల్లగా మారి కాయకు మరక పడుతుంది. ముందు నాలుగైదు కాయలను ముంచి, ఆరబెట్టి, మరక పడలేదని తేలాకే మిగతావి ముంచాలి. సీతాఫలం గింజల పొడిని దీనిలో కలపకూడదు. అది పురుగులకు విషం, కంట్లో పడితే మనిషికీ ప్రమాదమే.

కషాయం మీద పెట్టుకునే ఆశకు హద్దు ఉండాలి. ప్రయోగశాలలో మంచి ఫలితాలు చాలావరకు ఆల్కహాలుతో తీసిన సారాలవి. నీటి కషాయం అంత గాఢంగా ఉండదు, తోటలో చల్లితే ఎండకు, వానకు నిలవదు. కాయలోకి దిగిన తెగులును ఇది నయం చేయలేదు. పూత దశలో సిఫారసు చేసిన మందును మానేసి దీన్నే నమ్ముకుంటే నష్టపోక తప్పదు. కోత తర్వాత, మందుల అవశేషాలు ఉండకూడని సమయంలో అదనపు రక్షణగా వాడుకోవచ్చు.

కాయ సొంత రక్షణను కాపాడటం ఇంతకన్నా విలువైన పని. చిక్కం కట్టిన దోటితో, 8 నుంచి 10 సెంటీమీటర్ల కాడ ఉండేలా కోయాలి. నేల రాలిన కాయలను వేరుగా ఉంచాలి. నీడలో కాడను సెంటీమీటరుకు తగ్గించి, కాయలను బోర్లించి సొన కారనివ్వాలి. సొన తగిలిన తొక్క కమిలి, అక్కడే కుళ్లు మొదలవుతుంది. 52 డిగ్రీల వేడినీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచితే మచ్చ తెగులు బాగా తగ్గుతుంది. నీటి వేడిని థర్మామీటరుతోనే చూడాలి, చేతి అంచనాతో వేడి మించితే తొక్క ఉడికిపోతుంది. కషాయం వాడదలిస్తే ఈ కాయలు చల్లారి, తడి ఆరాకే వాడాలి.